ఫ్యాన్ స్విచ్ వేస్తే మానిటర్ స్క్రీన్ నల్లబడుతోంది

24 అంగుళాల ఐపీఎస్ బడ్జెట్ మానిటర్, 1080పీ. ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐతో కలిపాను. రిఫ్రెష్ రేటు (స్క్రీన్ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో) 100 హెర్ట్జ్‌లో పెట్టి గదిలో ఫ్యాన్ స్విచ్ వేసినా, ఆపినా స్క్రీన్ రెండు మూడు సెకన్లు నల్లగా అయిపోయి మళ్లీ వస్తోంది. ఆ సమయంలో కింద పవర్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది, కాబట్టి కరెంటు పోవడం కాదనుకుంటున్నా. 60 హెర్ట్జ్‌లో ఎప్పుడో గానీ రాదు. పాత రకం వీజీఏ కేబుల్‌తో అసలు రాలేదు, కానీ అక్షరాలు మసకగా ఉన్నాయి. రోజంతా కోడ్ చూసే కళ్లకి అది కష్టం.

గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేశాను, ఫ్రీసింక్ (రిఫ్రెష్ రేటుని గ్రాఫిక్స్‌కి తగ్గట్టు మార్చే సెట్టింగ్) ఆపాను, వేరే గదిలోని ప్లగ్ వాడాను, వేరే ల్యాప్‌టాప్‌తోనూ చూశాను. తేడా లేదు. మార్చనిది మానిటర్‌తో వచ్చిన సన్నటి హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కటే. రిటర్న్ గడువు ఈ వారంతో అయిపోతుంది, అదే టెన్షన్.

ఇలాంటి మానిటర్ వాడుతూ ఇదే సమస్య చూసినవాళ్లు చెప్పండి: షీల్డింగ్ (బయటి విద్యుత్ అలజడిని అడ్డుకునే పొర) బాగున్న మంచి కేబుల్ వేస్తే మీకు తగ్గిందా, లేక మానిటర్‌నే మార్చుకోవాల్సి వచ్చిందా?