వెయిలర్స్ పాటల్లో బేస్ వాయించినవాడికి వాటా ఉండాలా?

నాలుగు తీగలు:
బాబ్ మార్లీ పాడిన జమైకా రెగె బ్యాండ్ వెయిలర్స్‌లో బేస్ గిటార్ వాయించిన ఆస్టన్ బారెట్‌ను అందరూ ‘ఫ్యామిలీ మ్యాన్’ అనేవారు. రాయల్టీల్లో తనకూ, చనిపోయిన తమ్ముడికీ వాటా రావాలని వాళ్ల రికార్డులు వేసిన ఐలాండ్ రికార్డ్స్ కంపెనీ మీదా మార్లీ కుటుంబం మీదా సుమారు 6 కోట్ల పౌండ్లకు దావా వేశాడు. 2006లో లండన్ హైకోర్టు కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో ఆయనా పోయాడు. ఇది న్యాయమేనా? మీరేమంటారు?

వినైల్ పిచ్చి:
అన్యాయం ఎక్కడుందండీ? 1994లోనే రాజీ కుదుర్చుకుని డబ్బు తీసుకున్నాడు, ఇక ఏమీ అడగనని ఒప్పుకున్నాడు. కోర్టు చెప్పింది అదే. అసలు వెయిలర్స్ అంటే బాబ్ మార్లీ, పీటర్ టోష్, బన్నీ వెయిలర్. కింగ్‌స్టన్‌లోని పేదల పేట ట్రెంచ్‌టౌన్‌లో గాయకుడు జో హిగ్స్ దగ్గర గొంతులు కలపడం నేర్చుకున్న కుర్రాళ్లు. వాళ్లు స్టూడియో వన్ అనే రికార్డింగ్ కంపెనీలో హిట్లు ఇచ్చేనాటికి ఈ అన్నదమ్ములు బ్యాండ్‌లోనే లేరు. నిర్మాత లీ పెర్రీ దగ్గర వాయించేవాళ్లు, 1970 ప్రాంతంలో ఇటొచ్చారు.

రాత్రి రేడియో:
ఎవరు వాయిస్తే ఏంటి బ్రో, పాట బాగుంది కదా.

నాలుగు తీగలు:
వాళ్లు రాకముందు పాటలు విని, తర్వాతవి వినండి సార్. ముందువి స్కా అనే జమైకా డాన్సు సంగీతం, ఉరుకులు పరుగులు. తర్వాతవి మనందరికీ తెలిసిన రెగె. తమ్ముడు కార్ల్‌టన్ డ్రమ్స్ మీద వాయించిన ‘వన్ డ్రాప్’లో నాలుగు దెబ్బల్లో మొదటిది ఖాళీ, బరువంతా మూడోదాని మీద పడుతుంది. ఆ ఖాళీలో అన్న బేస్ నడుస్తుంది. పాట మధ్యలో గొంతు ఆగినా ఏ పాటో చెప్పేయొచ్చు. దాన్ని ‘తోడు వాయిద్యం’ అంటే నేనొప్పుకోను.

వినైల్ పిచ్చి:
సరే, వాయించిన ప్రతివాడూ హక్కుదారే అనుకుందాం. 1973లో వచ్చిన వెయిలర్స్ ఆల్బమ్ ‘క్యాచ్ ఎ ఫైర్’ సంగతేంటి? టేపులు జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో రికార్డయ్యాయి. ఐలాండ్ రికార్డ్స్ యజమాని క్రిస్ బ్లాక్‌వెల్ వాటిని లండన్‌లో కూర్చుని మార్చాడు, రాక్ వినేవాళ్లకు నచ్చాలని. వేన్ పెర్కిన్స్ అనే అలబామా గిటారిస్టుతో ‘కాంక్రీట్ జంగిల్’ పాటలో సోలో వాయించించాడు. ఆయనకూ వాటా ఇద్దామా?

నాలుగు తీగలు:
పెర్కిన్స్ తయారైన పాట మీద వాయించి వెళ్లాడు. బారెట్లు పాట తయారవుతున్నప్పుడు ఉన్నారు. రెండూ ఒకటెలా అవుతాయి?

వినైల్ పిచ్చి:
ఆ సోలో లేకపోతే ఇంగ్లండ్‌లో ఆ రికార్డు ఎవరు కొనేవారు?

నాలుగు తీగలు:
2001లో జమైకా టేపులు కూడా విడుదల చేశారు. ఆ సోలో లేకుండా విని చెప్పండి. నాకైతే అదే బాగుంది.

వినైల్ పిచ్చి:
బాగుండటం వేరు, అమ్ముడవడం వేరు.

కడప పద్మజ:
ఆ ఒక్క గిటార్ దగ్గరే ఉండిపోయారేంటండీ ఇద్దరూ! 1973లో బన్నీ, తర్వాత టోష్ బయటికెళ్లారు. 1974 నుంచి పేరు ‘బాబ్ మార్లీ అండ్ ద వెయిలర్స్’ అయింది. బ్లాక్‌వెల్ పేరులోని ‘బ్లాక్’నీ ‘వెల్’నీ తిరగేసి టోష్ ఆయన్ను ‘వైట్‌వర్స్ట్’ అని పిలిచేవాడు. ఒక్కరినే ముందుకు తోస్తున్నారన్న కోపం గొంతు కలిపినవాళ్లకే ఉంటే, వెనక వాయించేవాళ్ల సంగతి చెప్పాలా?

నాలుగు తీగలు:
చెప్పాల్సిందే అమ్మా. నేను ఒక భక్తి పాటల క్యాసెట్‌కు కీబోర్డు, బేస్ రెండూ వాయించాను. చరణాల మధ్య సంగీతమంతా నాదే, అక్కడికక్కడే కట్టాను. ఒక పూట పని అని చెప్పి పూట డబ్బులిచ్చారు. ఆ క్యాసెట్ మా ఊరి గుడి మైకులో ఏళ్లతరబడి మోగింది. కవర్ మీద నా పేరు లేదు. అడిగితే ‘నీకు ఇవ్వాల్సింది ఇచ్చేశాం కదా’ అన్నారు.

వినైల్ పిచ్చి:
అదీ సంగతి! మీ క్యాసెట్ బాధకు ఫ్యామిలీ మ్యాన్‌ను సాక్షిగా తెచ్చారు. ముందే రేటు మాట్లాడుకోకపోవడం మీ తప్పు.

నాలుగు తీగలు:
రేటు గురించి తెగ మాట్లాడుతున్నారు, మీరేం చేస్తుంటారు?

వినైల్ పిచ్చి:
దాచేదేముంది, ఆర్కెస్ట్రా నడుపుతాను. పెళ్లి సీజన్‌లో పదిమందికి జీతాలు నేనే ఇస్తాను. ప్రోగ్రాం క్యాన్సిల్ అయితే అడ్వాన్సు తిరిగిచ్చేది నేను. వాన పడి స్పీకర్లు పోతే అప్పు చేసేది నేను. నష్టంలో ఎవడూ వాటా అడగడు. హిట్టయితే మాత్రం ‘ఆ బిట్టు నాది’ అని వస్తారు.

రాత్రి రేడియో:
ఇప్పుడు అర్థమైంది గొడవ జమైకాలో కాదని.

కడప పద్మజ:
కాగితం మీద పేరును కూడా అంత నమ్మకండి. మార్లీ పాడిన ‘వార్’ పాటకు రచయితలుగా ఉన్నది అలన్ కోల్, కార్ల్‌టన్ బారెట్. ఆ మాటలేమో ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ 1963లో ఐక్యరాజ్యసమితిలో చేసిన ప్రసంగంలోవి. ‘నో వుమన్ నో క్రై’ మార్లీ స్నేహితుడు విన్సెంట్ ఫోర్డ్ పేరు మీద ఉంది. పాత పబ్లిషర్‌కు హక్కులు పోకుండా మార్లీయే ఇలా రాయించాడని చాలామంది అంటారు. అది కోర్టులదాకా వెళ్లింది కూడా.

నాలుగు తీగలు:
చూశారా? స్నేహితుడికి పేరు రాయడానికి చెయ్యి వచ్చింది. బేస్ వాయించినవాడికి వాటా ఇవ్వడానికి రాలేదు.

వినైల్ పిచ్చి:
తమ్ముడి పేరు ఉందని ఇప్పుడే కదండీ ఆవిడ చెప్పారు! చదవరా?

నాలుగు తీగలు:
పేరు కాదు, అన్న వాటా గురించి అంటున్నాను. పోనీ అది వదిలేయండి. మీ పోస్టర్ మీద మీ బేస్ కుర్రాడి పేరు ఉంటుందా?

వినైల్ పిచ్చి:
సింగర్ ఫోటో ఉంటుంది. జనం వచ్చేది దానికే.

కడప పద్మజ:
పేరు వేయడానికి ఖర్చేముందండీ?

వినైల్ పిచ్చి:
పేరు వేస్తే రేపు వాటా అడుగుతాడు. రేటు పెంచమనండి, పెంచుతాను. వాటా మాత్రం ఇవ్వను.