పాత బండిని నిలబెట్టుకోవాలా, కొత్తది కొనాలా: ఏం చూసి తేల్చాలి?

పానా_14

పదిహేను, ఇరవై ఏళ్లు దాటిన కారును ఉంచుకోవాలా, మార్చేయాలా అని ఎవరడిగినా "ఇంజను బాగుంటే ఉంచేయండి" అంటారు. ఈ వరుస తలకిందులని నా అభిప్రాయం. ఇంజనును విప్పొచ్చు, బోరు చేయించొచ్చు, మొత్తంగా మార్చేయనూ వచ్చు. కింద చాసిస్ రేకు పొరలు పొరలుగా రాలుతుంటే దానికి బిగించిన మంచి ఇంజను కూడా దండగే. కాబట్టి ముందు బాడీ, తర్వాత విడిభాగాలు దొరుకుతాయా లేదా, ఆ తర్వాతే ఇంజను.

బాడీ చూడటానికి టార్చి, పెద్ద స్క్రూడ్రైవరు, పలుచటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. బండిని ఒట్టి జాకీ మీద వదిలి కిందకు దూరొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది. లోపల తుప్పు తిన్న రేకు తడి అట్ట మీద కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. అలా పలికిన చోట మొనతో పొడిచి చూడండి. తట్టాల్సిన చోట్లు: డోర్ల కింది సిల్లు (గుమ్మంలాంటి పట్టీ), జాకీ ఆనించే అంచు, వెనక చక్రాల ఆర్చి లోపలి మడత, షాక్ అబ్జార్బర్ల పై మౌంటింగు, బ్యాటరీ ట్రే కింద, కార్పెట్ ఎత్తి ఫ్లోరు. అయస్కాంతం జారిపోయిన చోట రంగు కింద పుట్టీ ఉన్నట్టు.

డోరు, ఫెండరు తుప్పు పట్టినా భయం లేదు, అవి బోల్టులు విప్పి మార్చుకునేవి. సిల్లు, మౌంటింగు, చాసిస్ రైలు (కింద పొడవునా ఉండే దూలం) మూడింట్లో రెండు చోట్ల మొన దిగితే నేనైతే ఆ బండి మీద ఇంకేమీ ఖర్చు పెట్టమనను.

గ్రీజుచేతులు

పానా_14 గారి వరుసతో ఏకీభవిస్తాను. బాడీ నెగ్గితే ఇంజనుకు కంప్రెషన్ టెస్టు, అంటే ప్లగ్గు రంధ్రంలో గేజి బిగించి సిలిండరులో ఒత్తిడి ఎంత లేస్తుందో కొలవడం. సగం మంది దీన్ని తప్పుగా చేస్తారు.

ఇంజను వేడెక్కాక ఆపి, స్పార్క్ ప్లగ్గులు అన్నీ తీయాలి. ఒక్కటే తీసి కొలిస్తే స్టార్టర్ మోటారు నిదానంగా తిప్పి అంకె తక్కువ చూపిస్తుంది. ఫ్యూయల్ పంపు ఫ్యూజు, ఇగ్నిషన్ కాయిల్ కనెక్టర్లు పీకేయండి. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఉంచాలి, లేకపోతే సిలిండరులోకి సరిపడా గాలి రాదు. ఒక్కో సిలిండరుకు ఐదారు కంప్రెషన్ స్ట్రోకులు తిప్పి రాసుకోండి.

పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి 150 నుంచి 180 పీఎస్ఐ మధ్య వస్తుంది. అసలు అంకె ఆ బండి మాన్యువల్లో చూడాలి. అంకె కన్నా తేడా ముఖ్యం. అత్యధికానికీ అత్యల్పానికీ మధ్య 10-15 శాతం మించకూడదు. 170, 165, 168, 120 వచ్చిందంటే నాలుగోదాంట్లో ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు, ఇంజను ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా లేస్తే రింగులో, బోరో అరిగింది. లేవకపోతే వాల్వు సరిగా కూర్చోవడం లేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుంది.

నాలుగూ సమానంగా 140 వచ్చిన ఇంజను నెమ్మదిగా, సమంగా అరిగిన ఇంజను. అది ఇంకా చాలా దూరం వస్తుంది.

సన్నరేకు

గ్రీజుచేతులు గారూ, ఒక చిన్న చేర్పు. గేజి ముల్లు లేచే తీరు కూడా చూడమనండి. మొదటి స్ట్రోకుకు తక్కువగా మొదలై మెల్లగా ఎక్కుతూ పోతే రింగుల వైపు అనుమానం. మొదటి నుంచీ కిందే ఉండి ఎక్కకపోతే వాల్వు. ఆయిల్ పోయకముందే సగం సంగతి తెలిసిపోతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే మొత్తం అంకెలన్నీ పడిపోతాయి, ముందు దాన్ని నిండా చార్జి చేయాలి.

మైలేజీలెక్క

డబ్బు లెక్క దగ్గర జనం బోల్తా పడే మాట ఒకటుంది: "రిపేరు ఖర్చు బండి విలువలో సగం దాటితే అమ్మేయాలి." పాత బండి విలువ ఎటూ కిందికి దిగే ఉంటుంది కాబట్టి ఏ పెద్ద పని వచ్చినా ఆ గీత దాటుతుంది. పోల్చాల్సింది బండి విలువతో కాదు, ప్రత్యామ్నాయానికి అయ్యే ఖర్చుతో. ఒక కాగితం మీద రెండు నిలువు గడులు గీయండి. ఎడమవైపు పాత బండికి వచ్చే 24 నెలల్లో కావలసినవన్నీ: టైర్లు, బ్యాటరీ, టైమింగ్ బెల్టు, క్లచ్, బుష్షులు, పైన అనుకోని ఖర్చుకు ఇంకో మూడో వంతు. కుడివైపు కొత్త బండి 24 వాయిదాల్లోని వడ్డీ, పెరిగే బీమా, రెండేళ్లలో తరిగే విలువ (అప్పు లేకుండా కొంటే వడ్డీ ఉండదు). వాయిదాలో ఉన్న అసలునీ, తరుగునూ రెండూ కలిపి రెండుసార్లు లెక్కేయకండి.

ఇక పొగ సంగతి. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 15 ఇస్తే 667 లీటర్లు తాగుతుంది. కొత్తది 20 ఇస్తే 500. తేడా 167 లీటర్లు, అంటే ఏడాదికి దాదాపు 380 కిలోలు. కొత్త కారు తయారీకే 6 టన్నులు అయిందనుకుంటే ఆ అప్పు తీరడానికి పదిహేనేళ్లకు పైగా పడుతుంది. అదే ఏడాదికి 30,000 తిరిగేవాళ్లకు ఐదేళ్లు దాటగానే తీరిపోతుంది. అందుకే తక్కువ తిరిగేవాళ్లకూ ఎక్కువ తిరిగేవాళ్లకూ ఒకే సలహా ఇవ్వకూడదు.

గ్రీజుచేతులు

ఆ లెక్క కార్బన్ డయాక్సైడు వరకే. కెటాలిటిక్ కన్వర్టరు (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) చచ్చిన పాత బండి కార్బన్ మోనాక్సైడు, కాలని పెట్రోలు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడులు వదులుతుంది. పక్కన నడిచేవాళ్లు పీల్చేది వాటినే. బండి ఉంచుకుంటే ఆక్సిజన్ సెన్సరు, కన్వర్టరు బాగుచేయించడం మన బాధ్యత. కన్వర్టరు పీకి ఒట్టి గొట్టం వేయించమనే సలహా ఈ చర్చలో ఎవరూ ఇవ్వొద్దని మనవి.

మీటరుముల్లు

పాత బండ్లలో "స్టార్టర్ మోటారు పోయింది" అని మార్చేసిన వాటిలో చాలావాటికి జబ్బు మోటారులో ఉండదు, ఎర్తు తీగలో ఉంటుంది. పట్టుకోవడం ఐదు నిమిషాల పని.

మల్టీమీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. ఒక ప్రోబు బ్యాటరీ నెగటివ్ సీసపు గుబ్బ మీద (క్లాంపు మీద కాదు, గుబ్బ మీదే), రెండోది ఇంజను బ్లాకు మీద శుభ్రమైన లోహం చోట. ఇంకొకరిని తాళం తిప్పమనండి. తిరుగుతున్నంతసేపు 0.2 వోల్టుల లోపు రావాలి. 0.5 దాటిందా, బ్యాటరీ క్లాంపో, ఎర్తు తీగో, ఇంజనుకూ బాడీకీ మధ్య జడలాంటి ఎర్తు పట్టీయో తుప్పు పట్టినట్టే. పాజిటివ్ గుబ్బ నుంచి స్టార్టర్ మోటారు బోల్టు దాకా 0.5 లోపు ఉండాలి.

ఓమ్స్ మీద పెట్టి చూస్తే ఈ లోపం దొరకదు. స్టార్టరు 150 ఆంపియర్లు లాగుతుంటే 0.005 ఓమ్స్ అడ్డే 0.75 వోల్టులు మింగేస్తుంది. మామూలు మీటరుకు అంత చిన్న అడ్డు సున్నాలాగే కనిపిస్తుంది.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోయే బండికి మీటరు 10 ఆంపియర్ల సాకెట్టులో పెట్టి నెగటివ్ తీగకు వరుసలో కలపండి. డోర్లు మూసి అరగంట ఆగాలి, లోపలి కంట్రోల్ యూనిట్లు నిద్రపోవడానికి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సరే. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే లాగుతూ ముల్లు ఎక్కడ పడుతుందో చూడండి. మీటరు అలా కలిపి ఉండగా తాళం తిప్పారో, మీటరు ఫ్యూజు పోతుంది.

బేరింగు_6203

పానా_14 గారు విడిభాగాలు దొరకడం అన్నారు. ఇక్కడే ఎక్కువ బండ్లను అన్యాయంగా తుక్కుకు పంపుతున్నారు. "ఈ మోడల్‌కు పార్టు రావడం లేదు" అన్న మాట వినగానే ఆగిపోకండి. బండి తయారుచేసినవాళ్లు బేరింగు తయారుచేయలేదు. పాతదాని అంచు గుడ్డతో తుడిచి వెలుతురులో చూడండి, అంకె చెక్కి ఉంటుంది.

6203 అంటే లోపలి వ్యాసం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు. 6204 అయితే 20, 47, 14. 04 నుంచి పైకి చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి వ్యాసం వస్తుంది. వెనక 2ఆర్ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు సీలు, జెడ్‌జెడ్ అంటే రేకు మూత. సీ3 అని ఉంటే లోపల సందు కాస్త ఎక్కువున్నది. ఆల్టర్నేటరు లాంటి వేడెక్కే చోట సీ3 ఉన్నదాన్ని మామూలుదానితో మార్చొద్దు, వేడికి బిగుసుకుని అరుస్తుంది.

ఆయిల్ సీలు మీద 35×50×8 అని ఉంటే షాఫ్టు 35, గూడు 50, మందం 8. కొత్త సీలు వేసినా కారుతోందంటే సాధారణంగా షాఫ్టు మీద పాత సీలు పెదవి కోసిన గాడి ఉంటుంది, గోటితో గీస్తే తగులుతుంది. గూడులో చోటుంటే సీలును రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో కూర్చోబెట్టండి, పెదవి అరగని చోట పడుతుంది. చోటు లేకపోతే షాఫ్టు మీదకు తొడిగే పలుచటి స్టీలు స్లీవు దొరుకుతుంది. బెల్టు మీద 6పీకే1200 అని ఉంటే ఆరు నిలువు గట్లు, 1200 మిల్లీమీటర్ల పొడవు.

ఇలా దొరకనివి లైట్ల అద్దాలు, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్కులు, డోరు రబ్బర్లు, కంట్రోల్ యూనిట్లు. ఉంచాలా వద్దా తేల్చేటప్పుడు వీటి సంగతి ముందు ఆరా తీయండి.

ముందుచూపు

ఇంతవరకూ అందరూ పాత బండి వైపే మాట్లాడారు. ప్రాణం సంగతి ఎవరూ ఎత్తలేదు. 2009లో అమెరికాలో ఐఐహెచ్ఎస్ అనే బీమా సంస్థల భద్రతా సంస్థ 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నూ 2009 నాటి షెవర్లే మాలిబునూ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టించింది. మందపాటి రేకున్న పాత బండి క్యాబిన్ డ్రైవరు బొమ్మ మీదకు కుప్పకూలింది. కొత్తదాని క్యాబిన్ నిలబడింది. "పాత రేకు గట్టిది" అనేవాళ్లు ఆ పరీక్షను గుర్తుపెట్టుకోవాలి. బండి ముందుభాగం నలిగి దెబ్బను మింగాలి, మనిషి కూర్చున్న చోటు నలగకూడదు. బానెట్ రేకు మందం దీన్ని తేల్చదు.

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగులు, జారినప్పుడు బండిని నిలబెట్టే స్టెబిలిటీ కంట్రోల్: ఈ మూడూ లేని బండిలో పిల్లలను హైవే మీద రోజూ తిప్పుతుంటే మార్చేయడం మంచిదని నా గట్టి నమ్మకం. ఎయిర్‌బ్యాగులున్న పాత బండ్లకూ ఒక జాగ్రత్త. టకాటా అనే జపాన్ కంపెనీ చేసిన, బ్యాగును ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్లలో కొన్ని అమ్మోనియం నైట్రేట్‌తో చేసినవి. ఏళ్ల తరబడి వేడికీ తేమకూ ఆ మందు చెడి, బ్యాగు విచ్చుకునేటప్పుడు లోహపు ముక్కలు చిమ్మింది. చాసిస్ నంబరుతో మీ బండి రీకాల్‌లో ఉందేమో చూసుకోండి.

గ్రీజుచేతులు

ముందుచూపు గారి మాట నిజం, కాదనను. అయితే కొత్త బండ్లకు వాటి జబ్బులు వాటికున్నాయి. ఎగ్జాస్టు ఫిల్టరున్న డీజిలు బండిని రోజూ నాలుగైదు కిలోమీటర్లకే వాడితే మసి కాల్చుకునేందుకు కావలసిన 600 డిగ్రీల వేడి అందదు. మధ్యలో ఆగిన ప్రతిసారీ అదనంగా చిమ్మిన డీజిలు కొంత ఇంజను కింది ఆయిల్ సంపులోకి దిగుతుంది. డిప్‌స్టిక్కు మీద ఆయిల్ మట్టం పెరుగుతుంటే సంతోషించొద్దు, ఆయిల్ పలచనవుతోంది, వెంటనే మార్చాలి. కొనేటప్పుడు తిరుగుడు ఎంతో చూసి ఇంజను ఎంచుకోండి.

క్లచ్‌వైరు

పెట్రోలులో ఇథనాల్ కలుస్తున్న చోట కార్బురేటరు బండి ఉన్నవాళ్ల కోసం. పెట్రోలుకు గాలి 14.7 పాళ్లు కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. అంటే అదే జెట్టుతో (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) మిశ్రమం పలచబడుతుంది. ప్లగ్గు తెల్లబారి, యాక్సిలరేటరు ఇవ్వగానే బండి తడబడితే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచండి. పాత రబ్బరు పైపులు ఉబ్బి, వేళ్లతో వంచితే పగుళ్లు కనిపిస్తాయి. ఇథనాల్‌కు తట్టుకునే ఫ్లోరో రబ్బరు లైనింగు పైపులే వేయాలి. నెలల తరబడి నిలిపే బండి అయితే కార్బురేటరులో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె ఖాళీ చేసి పెట్టండి.

సన్నరేకు

కిలోమీటర్లు కాకుండా కాలం చూసి మార్చాల్సినవి పాత బండ్లలో అందరూ మరిచిపోతారు. టైమింగ్ బెల్టు దూరం తిరగకపోయినా కంపెనీ చెప్పిన ఏళ్లు దాటితే మార్చాలి. తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. బెల్టుతోపాటు దాన్ని బిగువుగా, దారిలో ఉంచే టెన్షనరు, ఐడ్లరు చక్రాలు, ఆ బెల్టుతోనే తిరిగేదైతే వాటర్ పంపు కూడా ఒకేసారి.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. నీరు పీల్చుకున్నాక అదే 155కు పడిపోవచ్చు. ఘాటు దిగేటప్పుడు పెడలు మెత్తబడేది అందుకే.

పానా_14

బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీసేటప్పుడు ఒక జాగ్రత్త. పెడలు నొక్కితే ఆయిల్‌ను తోసే పాత మాస్టర్ సిలిండరులో పిస్టను రోజూ తిరిగే భాగం నున్నగా ఉంటుంది, ఆ పైన ఎప్పుడూ వెళ్లని భాగంలో తుప్పు గరుకు ఉంటుంది. గాలి తీస్తూ పెడలును నేలకు తొక్కితే సీళ్లు ఆ గరుకు మీదకెళ్లి చిరుగుతాయి. మర్నాటికి పెడలు కిందికి దిగిపోతుంది. పెడలు కింద ఒక చెక్క ముక్క పెట్టి, సగం కన్నా కిందికి పోకుండా మెల్లగా తొక్కండి.

కొత్తసభ్యుడు

డోరు సిల్లు లోపల తుప్పు ఇంకా పై పొరగానే ఉంది, పొడిస్తే దిగలేదు. బయట రంగు వేయిస్తే సరిపోతుందా?

పానా_14

సరిపోదండి, తుప్పు లోపలి నుంచి వస్తోంది. ముందు సిల్లు కింద నీరు పోయే రంధ్రాలు తీగతో పొడిచి మట్టి తీయండి. లోపల నీళ్లతో కడిగి, కనీసం రెండు మూడు రోజులు ఎండనివ్వాలి. తడి మీద మైనం కొడితే తేమను లోపలే బంధించినట్టవుతుంది. ఎండాక ప్లాస్టిక్ బిరడాలు తీసి, పొడవాటి గొట్టమున్న స్ప్రేతో క్యావిటీ వాక్సు (బోలు భాగాల లోపల పట్టే మైనం) కొట్టండి. గొట్టాన్ని చివరిదాకా తోసి, వెనక్కి లాగుతూ కొట్టాలి. కింది రంధ్రాల్లోంచి వాక్సు చుక్కలుగా కారితే లోపలంతా పట్టినట్టు. అరగంటాగి ఆ రంధ్రాలను మళ్లీ తీగతో తెరిచి ఉంచండి.