16 ఏళ్లలోపు హ్యాండ్‌బాల్ సెలక్షన్‌కి రక్త పరీక్ష పెట్టొచ్చా?

సర్కిల్‌రన్నర్: జట్టు సెలక్షన్‌లో పరుగు, త్రోలతో పాటు రక్త పరీక్ష కూడా పెడదామంటున్నారు మా ట్రైనర్. లాక్టేట్ (గట్టిగా పరుగెత్తితే రక్తంలో పెరిగేది), క్రియాటిన్ కైనేజ్ (కండరాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఎంజైమ్) చూస్తారట. నాకైతే సబబుగానే ఉంది. అందర్నీ ఒకేలా పరుగెత్తించాక లాక్టేట్ తక్కువ వచ్చినవాడు ఆట చివర్లో కూడా పాస్ తప్పడు కదా?

ల్యాబ్‌కోటు: పిల్లల విషయంలో లెక్క తప్పేది అక్కడే. యుక్తవయసు రాని పిల్లల కండరాలకు ఆక్సిజన్ లేకుండా గ్లూకోజ్‌ను వాడుకునే శక్తి పెద్దవాళ్ల కంటే తక్కువ. అందుకే వాళ్లలో లాక్టేట్ తక్కువ కనిపిస్తుంది, ఎదిగేకొద్దీ పెరుగుతుంది. అదే సమయంలో మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ పెరిగి, కండ పట్టి, త్రో వేగం కూడా పెరుగుతుంది. 12 నుంచి 16 ఏళ్ల వాళ్లందర్నీ ఒకే పట్టికలో వేస్తే రక్తంలో అంకెకూ ఆటకూ ఏదో సంబంధం కనిపించక మానదు. రెండింటి వెనకా ఉన్నది ఎదుగుదల. ఒకే ఏడాది పుట్టినవాళ్ల మధ్య కూడా ఒంటి ఎదుగుదలలో రెండు మూడేళ్ల తేడా ఉండొచ్చు.

పైగా ఒక్క జంప్ షాట్‌కి లాక్టేట్‌తో పనేముంది? ఆ మూడు అంగలు, ఎగరడం, విసరడం చాలావరకు కండరాల్లో తక్షణ శక్తి కోసం నిల్వ ఉన్న క్రియాటిన్ ఫాస్ఫేట్‌తోనే అయిపోతాయి.

లెఫ్ట్‌వింగ్: సైన్స్ సరేనండి, కోర్టులో చూసింది చెప్తా. వరసగా ఫాస్ట్ బ్రేక్‌లు (బంతి దొరకగానే అవతలి గోల్ వైపు దూసుకెళ్లడం) పరుగెత్తిన పిల్లాడు ఆరు మీటర్ల గీత దగ్గర ఎగిరితే మోచెయ్యి భుజం కిందికి జారుతుంది. బంతి తిన్నగా గోలీ నడుం దగ్గరికే వెళ్తుంది. అదే పిల్లాణ్ని రెండు మూడు నిమిషాలు బెంచ్ మీద కూర్చోబెట్టి దింపితే మళ్లీ పై మూలకి కొడతాడు. మరి ఒంట్లో కెమిస్ట్రీకీ ఆటకీ సంబంధం లేదని ఎలా అంటారు?

ల్యాబ్‌కోటు: లేదనలేదు. క్రియాటిన్ ఫాస్ఫేట్ చాలావరకు తిరిగి నిండటానికి కూడా దాదాపు అంతే సమయం పడుతుంది. కానీ దాన్నిబట్టి తెలిసేది ఎవర్ని ఎప్పుడు మార్చాలన్నదే. హ్యాండ్‌బాల్‌లో ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, హాయిగా వాడుకోండి. గోలీ ఎటు కదులుతున్నాడో గాల్లో ఉండగానే పసిగట్టే పిల్లాణ్ని మాత్రం ఏ ల్యాబూ చూపించలేదు.

ఇక క్రియాటిన్ కైనేజ్ సంగతి. ఢీకొట్టుకున్నా, పదే పదే ఎగిరి దిగినా అది పెరుగుతుంది, రెండు మూడు రోజులు ఎక్కువగానే ఉంటుంది. కండ ఉన్నవాళ్లకి మామూలుగానే ఎక్కువ. ఆదివారం మ్యాచ్‌లో ఒళ్లు దాచుకోకుండా ఆడినవాణ్ని మంగళవారం రిపోర్టు చూసి తీసేస్తారా? మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమే ఇది.

సర్కిల్‌రన్నర్: అయితే రక్త పరీక్షే వద్దంటారా?

ల్యాబ్‌కోటు: సెలక్షన్‌కి వద్దు. త్వరగా అలిసిపోయే పిల్లలకి, ముఖ్యంగా నెలసరి మొదలైన ఆడపిల్లలకి, డాక్టర్ సలహాతో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) చూపించండి. బద్ధకమని తిట్లు తినే పిల్లల్లో కొందరికి నిజానికి ఐరన్ తక్కువై ఉంటుంది.

గోలీ వాళ్ళమ్మ: ఆ రిపోర్టు ఎవరి చేతికి వెళ్తుందో ఎవరూ చెప్పరేం? డాక్టర్ దగ్గరే ఉంటే సరే. సెలెక్టర్ల టేబుల్ మీదికి వచ్చేట్టయితే మా అమ్మాయికి సూది గుచ్చనివ్వను. ముందు ఆ సంగతి ట్రైనర్ గారిని కాగితం మీద రాసిమ్మనండి.