విజయనగరం నుంచి వెల్లూరుకు కీమో ప్రయాణం: రైలు టికెట్లో రాయితీ ఎలా తీసుకోవాలి?

గంటస్తంభం_వీధి (ప్రశ్న)

అమ్మకి వెల్లూరులో కీమో జరుగుతోంది. 21 రోజులకోసారి వెళ్లాలి, ఇంకా నాలుగు సైకిళ్లు (కీమో విడతలు) ఉన్నాయి. ఒంటరిగా పంపలేం కాబట్టి ప్రతిసారీ రెండు టికెట్లు. క్యాన్సర్ పేషెంట్లకి రైల్లో రాయితీ ఉందని విన్నాం గానీ, ఐఆర్‌సీటీసీలో ఆ ఆప్షనే కనబడట్లేదు. సీనియర్ సిటిజన్ రాయితీతో పాటు ఇదీ ఎత్తేశారా? ఉంటే ఎంత తగ్గుతుంది, ఏ కాగితం కావాలి?

కౌంటర్_కిటికీ

ఉందండీ, ఎత్తేయలేదు. 2020 మార్చిలో చాలా రాయితీలు ఆపేసినప్పుడు దివ్యాంగుల్లో 4 రకాలు, రోగుల్లో 11 రకాలు, విద్యార్థులవి మాత్రం ఉంచారు. క్యాన్సర్ ఆ 11లోనే ఉంది. కాకపోతే ఆన్‌లైన్లో ఇవ్వరు, స్టేషన్లో రిజర్వేషన్ కౌంటర్‌కే వెళ్లాలి. రైలెక్కాక టీటీఈకి కాగితం చూపించి తగ్గించమంటే కుదరదు.

స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో పేషెంటుకి పూర్తి రాయితీ, తోడు వెళ్లే ఒక మనిషికి 75 శాతం. సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీల్లో ఇద్దరికీ 50. సెకండ్ సిట్టింగ్, ఏసీ చైర్ కార్‌లలో ఇద్దరికీ 75. అంటే పేషెంటు కూర్చుని వెళ్తే ఛార్జీ కట్టాలి, స్లీపర్‌లో పడుకుని వెళ్తే అక్కర్లేదు! విచిత్రంగా ఉన్నా రూలు అదే.

పూర్తి రాయితీ అన్నారు కదా అని చేతిలో పైసా లేకుండా వెళ్లకండి. తగ్గేది బేసిక్ ఛార్జీ మాత్రమే. రిజర్వేషన్ ఫీజు స్లీపర్‌కి 20, థర్డ్ ఏసీకి 40 కట్టాల్సిందే. సూపర్‌ఫాస్ట్ అయితే స్లీపర్‌కి ఇంకో 30, థర్డ్ ఏసీకి 45. ఏసీకి 5 శాతం జీఎస్టీ కూడా. ఉదాహరణకి స్లీపర్ బేసిక్ 500 అనుకుంటే అమ్మగారికి 20, మీకు 125 మీద 20 కలిపి 145. రెండు టికెట్లూ 165కే వస్తాయి. మీ ఊరి మీదుగా కాట్పాడి (వెల్లూరుకి దిగే స్టేషన్) దాకా వెళ్లే బొకారో ఎక్స్‌ప్రెస్ సూపర్‌ఫాస్ట్ కాదు కాబట్టి ఆ 30 కూడా పడదు.

తత్కాల్‌లో, వందేభారత్‌లో ఈ రాయితీ లేదు. రాయితీ మీద స్లీపర్ తీసుకుని, తేడా కడతాం ఏసీకి మార్చండంటే మార్చరు. అమ్మగారు ఆసుపత్రిలో ఉండిపోయి మీరొక్కరే తిరిగొస్తే మీది మామూలు టికెట్టే.

వార్డు_గుమ్మం

పని ఆగిపోయేది ఎక్కువగా ఫారం దగ్గరే. రైల్వే నమూనాలో ఉన్న కన్సెషన్ సర్టిఫికెట్ మీద వైద్యం చేస్తున్న క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లే సంతకం చేయాలి. డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు ఎంత మందంగా ఉన్నా కౌంటర్‌లో పనికిరావు.

సంతకం ఉండి సీలు లేకపోవడం, సీలులో డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అలుక్కుపోవడం, పేరు ఆధార్‌లో ఒకలా ఫారంలో ఒకలా ఉండటం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెనక్కి పంపుతారు. ఇంకొకటి, ఫారంలో స్టేషన్ పేరు దగ్గర చాలామంది ఊరి పేరు వెల్లూరు అని రాయించేస్తారు. మీరు దిగేది కాట్పాడి, అదే రాయించండి. మీది సీఎంసీ ఆసుపత్రి అయి, వాళ్ల రాణిపేట క్యాంపస్‌లో అపాయింట్‌మెంట్ అయితే దానికి దగ్గర స్టేషన్ వాలాజా రోడ్డు. ముందు స్లిప్‌లో క్యాంపస్ చూసుకుని తర్వాత ఫారం నింపించండి.

ఒరిజినల్‌ను కౌంటర్‌లో తీసేసుకుంటారు అనే లెక్కతో ఉండండి. ఈసారి వెళ్లినప్పుడు తిరుగు ప్రయాణానికొకటి, వచ్చే సైకిల్‌కొకటి వేర్వేరుగా సంతకాలు పెట్టించుకోండి. డాక్టరు హడావుడిలో ఉంటే మెడికల్ సోషల్ వర్కర్‌ని అడగండి. ఇచ్చే ముందు జిరాక్స్ తీసుకుని, టికెట్టుతో పాటు అదీ ప్రయాణంలో దగ్గర ఉంచుకోండి.

గంటస్తంభం_వీధి

ఇద్దరికీ చాలా థాంక్సండీ. 60 రోజుల ముందే బుక్ చేసుకోవచ్చు కదా, వచ్చే రెండు సైకిళ్లకీ ఇప్పుడే తీసేసుకోమంటారా? బెర్తు దొరకకపోతే మళ్లీ తత్కాలే గతి.

కౌంటర్_కిటికీ

వెళ్లేదానికి తీసుకోండి, తిరుగు టికెట్టు మాత్రం ఆగండి. రక్తపరీక్షలో రక్తకణాల కౌంట్ తగ్గితే కీమో వారం వాయిదా వేయడం మామూలే. క్యాన్సిల్ చేస్తే కన్ఫర్మ్ స్లీపర్‌కి మనిషికి కనీసం 120 కోస్తారు. పైన లెక్కలో మీ 145లో చేతికొచ్చేది 25, అమ్మగారి 20లో ఏమీ రాదు. పోయేది చిన్న మొత్తమే, కానీ సంతకం చేసిన ఫారం కూడా ఖర్చయిపోతుంది. అదే అసలు నష్టం.

వెయిటింగ్ లిస్టులో ఉండిపోతే ఎమర్జెన్సీ కోటా (అత్యవసరంగా వెళ్లేవాళ్ల కోసం పక్కన ఉంచే బెర్తులు) ఉంది. తెల్లకాగితం మీద పీఎన్ఆర్, తేదీ, రైలు నంబరు, కారణం రాసి, అపాయింట్‌మెంట్ స్లిప్ జతచేసి విశాఖ డీఆర్ఎం (రైల్వే డివిజనల్ మేనేజర్) ఆఫీసులో ఇవ్వాలి. కాట్పాడి నుంచి వచ్చేటప్పుడైతే చెన్నై డివిజన్‌లో. రైలు అర్ధరాత్రి 12 నుంచి మధ్యాహ్నం 2 లోపు బయల్దేరేదైతే ముందురోజు మధ్యాహ్నం 12కల్లా, ఆ తర్వాతదైతే ముందురోజు సాయంత్రం 4కల్లా అందాలి. ప్రయాణం రోజు పొద్దున పరిగెత్తితే లాభం లేదు. ఇచ్చినా బెర్తు ఖాయమని కాదు, ఎవరికివ్వాలో వాళ్ల ఇష్టం.

మన్యం_బస్సు

ఈ చర్చ చూసే మిగతావాళ్ల కోసం. డయాలసిస్‌కి, కిడ్నీ మార్పిడికి, గుండె ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకీ, తలసేమియా ఉన్నవాళ్లకీ స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం, తోడు మనిషికీ అంతే. టీబీకి సెకండ్, స్లీపర్, ఫస్ట్ క్లాసుల్లో 75, ఏసీలో లేదు. సికిల్ సెల్ రక్తహీనత ఉన్నవాళ్లకి స్లీపర్ నుంచి సెకండ్ ఏసీ దాకా 50. మా ఏజెన్సీ వైపు ఇది తెలియక పూర్తి ఛార్జీ కట్టేవాళ్లు చాలామంది.

ఇంటి నుంచి స్టేషన్ దాకా సంగతంటారా, ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డులో రాష్ట్రం అడ్రస్ ఉండాలి. చెన్నై, వెల్లూరు వెళ్లే అంతర్రాష్ట్ర బస్సుల్లో మాత్రం టికెట్టు కొట్టించాల్సిందే.