చెరువు కబురు అందరికీ చేరేదెలా?

హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. దాన్ని కాపాడుకోవాలని 340 మందిమి ఒకే వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. గట్టు శుభ్రం చేద్దాం, ఆదివారం ఉదయం 6:30కి రండి అని శనివారం రాత్రి పెడితే వచ్చింది పదకొండు మంది. గుడ్ మార్నింగ్ ఫొటోల కింద కబురు మునిగిపోయింది. "అసలు చూడలేదండీ" అన్నవాళ్లే ఎక్కువ.

అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చాం. దాంతో ఒడ్డున మట్టి పోస్తుంటే వెంటనే ఫొటో తీసి పెట్టేవాళ్లకు దారి మూసుకుపోయింది. నాకు అదే పెద్ద టెన్షన్. ఒకే కబురును ఒక్కొక్కరికీ విడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఉంది గానీ, అది 256 మందికే, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది.

ముఖ్యమైన కబురు అందరి కంటా పడాలి, జనం ఫొటోలు పంపడమూ ఆగకూడదు. ఇందుకు మీ దగ్గర నిజంగా పనిచేసిన పద్ధతి ఏది?