చామనఛాయ, గుండ్రటి ముఖం: ఏ కూలింగ్ గ్లాసెస్ కొనాలి? (చెన్నై)

వేళచ్చేరి_బండి:
గుండ్రటి ముఖం, చామనఛాయ, ముక్కు కాస్త చప్పిడి. రోజూ బండి మీద ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) ప్రయాణం. పాండీ బజార్‌లో ఏది పెట్టి చూసినా చెంపలకి తగులుతోంది. ఏం చూసుకుని కొనాలి?

అద్దాలపని:
ఆకారం తర్వాతండి, ముందు కొలత. చెవి కాడ లోపలివైపు 52-18-140 లాంటి అంకెలుంటాయి. ఒక అద్దం వెడల్పు, ముక్కు మీది ఎడం, కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలోనే. మీకు చక్కగా కుదిరిన చూపు కళ్లజోడు ఇంట్లో ఉంటే దాని అంకెలు రాసుకుని కొట్టుకెళ్లండి. నవ్వితే ఫ్రేమ్ పైకి లేస్తోందా? అద్దం ఎత్తు ఎక్కువైనా కావాలి, జోడు ముక్కు మీంచి జారినా జారాలి. చప్పిడి ముక్కుకి అసిటేట్ (ఒకరకం ప్లాస్టిక్) ఫ్రేమ్‌తో ఇదే తంటా: ముక్కు దగ్గరి దిమ్మె అందులోనే కలిసి ఉంటుంది, వంచలేం. విడి నోస్ ప్యాడ్లున్న మెటల్ ఫ్రేమ్ తీసుకుని, ప్యాడ్లు కొంచెం దగ్గరికి నొక్కించుకోండి, జోడు పైకొస్తుంది.

అడయార్_పద్మ:
గుండ్రటి ముఖానికి మూలలు తేలిన ఫ్రేమ్, పలకల దవడకి గుండ్రటిది. ఈ లెక్క సగం వరకే పనికొస్తుంది. అసలు చూడాల్సింది పై అంచు: కనుబొమ్మ వంపు వెంటే సాగాలి. కనుబొమ్మలు మొత్తం అద్దం లోపలే కనిపిస్తే ఎప్పుడూ ఉలిక్కిపడ్డ ముఖంలా ఉంటుంది. రంగుకొస్తే, ఒంటిమీద బంగారం నప్పేవాళ్లకి తేనెరంగు, తాబేటిచిప్ప మచ్చలు, ముదురాకుపచ్చ బావుంటాయి. వెండి నప్పితే నలుపు, బూడిద, నీలం. చర్మంలో కలిసిపోయే లేత గోధుమరంగు మాత్రం వద్దు, ముఖం వెలవెలబోతుంది. కొట్లో లైట్ల కింద తేల్చుకోకుండా గుమ్మం బయటికొచ్చి అద్దంలో చూసుకోండి.

మెరీనా_పొద్దు:
పోలరైజ్డ్ తీసుకో అన్నా, ఇంకేం చూడక్కర్లేదు.

అద్దాలపని:
చూడాలండి. పోలరైజ్డ్ అనేది నీళ్ల మీద, తారురోడ్డు మీద మెరుపుని కోస్తుంది, అంతే. అతినీలలోహిత కిరణాల సంగతి వేరు, దానికి యూవీ400 అని ఉండాలి. ఆ రక్షణ లేని నల్లద్దం ఇంకా చేటు: చీకటికి కంటిపాప విచ్చుకుంటుంది, కిరణాలు ఎక్కువ దూరతాయి. పోలరైజ్డ్ నిజమో కాదో తెలియాలంటే వెలుగుతున్న ఎల్‌సీడీ తెర ముందు పట్టుకుని తిప్పండి, ఒకచోట నల్లబడాలి. నలుపు మోతాదు కేటగిరీ 3 చాలు, 8 నుంచి 18 శాతం వెలుతురు లోపలికొస్తుంది. 4 పెట్టుకుని బండి నడపకూడదు.

తాంబరం_రైడర్:
హెల్మెట్ కింద వెడల్పు కాడలు కణతలు నొక్కి తలనొప్పి తెస్తాయి. సన్నగా, తిన్నగా ఉన్న కాడలు చూడు బ్రదర్. కొన్ని వైజర్ల వెనక పోలరైజ్డ్ పెడితే ఇంద్రధనుస్సు చారలు కనిపిస్తాయి, నీ హెల్మెట్ కొట్టుకి తీసుకెళ్లి పెట్టి చూసుకో.

అడయార్_పద్మ:
అన్నట్టు మెటల్ అయితే చెమటకి నోస్ ప్యాడ్ల దగ్గర పచ్చటి చిలుం పడుతుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి తుడవాలి. టైటానియంకి ఆ బెడద లేదు, ధరే ఎక్కువ.