ఎలుకల్లో ఈస్ట్రడయాల్ జెల్: తోక రక్తంలో ఒక లెక్క, గుండె రక్తంలో ఇంకో లెక్క

అండాశయాలు తీసేసిన ఆడ ఎలుకల వీపు మీద వెంట్రుకలు ట్రిమ్ చేసి, 2×2 సెం.మీ. మేర ఈస్ట్రడయాల్ (ఒక స్త్రీ హార్మోన్) జెల్ రాస్తున్నాం. 1, 4, 8, 24 గంటలకు తోక సిర నుంచి రక్తం తీసి, అందులో ఈ హార్మోన్ ఎంతుందో ఎలైజా పరీక్షతో కొలుస్తున్నాం. 24 గంటల దగ్గర తోక రక్తంలో వచ్చిన విలువ, అదే ఎలుకకు మత్తిచ్చి వెంటనే గుండె నుంచి తీసిన రక్తంలో కన్నా 6 నుంచి 10 రెట్లు ఎక్కువ. హార్మోన్ లేని జెల్ రాసినవాటిలో మాత్రం రెండూ దాదాపు ఒకటే.

జెల్ నాకేస్తున్నాయేమోనని మెడకు కాలర్ వేశాం, విడి బోనుల్లో పెట్టాం. తేడా పోలేదు (నాకితే రెండు చోట్లా పెరగాలి కదా). ఎలుకకో జత గ్లోవ్స్ మార్చాం, కొత్త ఎలైజా కిట్ తెచ్చాం, తోకను స్పిరిట్‌తో తుడిచాం. ఆ తుడిచిన దూదిని పరీక్షిస్తే అందులోనూ ఈస్ట్రడయాల్ ఉంది! పడుకునేటప్పుడు ఎలుక తోకను ఒంటికి చుట్టుకుంటుంది, జెల్ అలాగే అంటుతోందని నా అనుమానం.

ఇంకో బ్యాచ్ ఎలుకలను వృథా చేయడం నాకు ఇష్టం లేదు. మెడ సిరలో కాథెటర్ (సన్నని గొట్టం) పెట్టే సౌకర్యం మాకు లేదు. ఒకే ఎలుక నుంచి పలుమార్లు రక్తం తీయడానికి, తోకకు బదులు జెల్ అంటని ఏ చోటు మీకు నమ్మకంగా పనిచేసింది?